హాలోవీన్ రాత్రి గుమ్మం ముందు పిల్లలను సరదాగా జడిపించడం: సమగ్ర మార్గదర్శి

అమెరికాలో అక్టోబరు 31న, హాలోవీన్ నాటి సాయంత్రం, పిల్లలు వేషాలు వేసుకుని చాకొలెట్ల కోసం ఇంటింటికీ తిరుగుతారు. పోర్చ్ (ఇంటి ముందు వసారా) దీపం వెలుగుతోందంటే ఆ ఇంటికి పిల్లలు రావచ్చని అర్థం. దీపం ఆర్పి ఉన్న ఇంటి తలుపు తట్టకూడదన్నది ఎవరూ కాగితం మీద పెట్టకపోయినా వీధి వీధంతా పాటించే మర్యాద. దీపం పెట్టిన వారిలో చాలామంది తలుపు తీసి, వేషాలు మెచ్చుకుని, సంచిలో ఒకటో రెండో చాకొలెట్లు వేసి పంపేస్తారు. కొన్ని ఇళ్ల దగ్గర మాత్రం పిల్లల గుండె ఒక్క క్షణం ఝల్లుమంటుంది, మరుక్షణం వాళ్లే పగలబడి నవ్వుతారు, ఆ తరువాత ఎదురొచ్చే స్నేహితులకు అసలు సంగతి చెప్పకుండా "ఆ ఇంటికి తప్పకుండా వెళ్లండి" అని ఉసిగొల్పుతారు. మీ ఇల్లు అలాంటిది కావాలంటే ఏమేమి సమకూర్చుకోవాలో, ఏది ఎప్పుడు చేయాలో ఇక్కడ వరుసగా చెప్పుకుందాం.

ఖర్చు గురించి మొదటే ఒక మాట చెప్పాలి. హోమ్ డిపో సంస్థ 2020లో పన్నెండడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పటి నుంచి ఇళ్ల ముందు బొమ్మల ఎత్తు పెరుగుతూ వచ్చింది. అవి చూడడానికి బాగుంటాయి, ఫొటోల్లో ఇంకా బాగుంటాయి, కానీ వీధి చివరి నుంచే కనిపించే వస్తువు దగ్గరికి వచ్చాక ఎవరినీ ఉలిక్కిపడేలా చేయలేదు. పిల్లలను నిజంగా జడిపించేది అనుమానం. "అది బొమ్మా, మనిషా?" అన్న ప్రశ్న వాళ్ల మనసులో పుట్టించి, జవాబును వీలైనంత ఆలస్యం చేయగలిగితే చాలు. అందుకు కావలసినవి ఒక పాత కుర్చీ, ఒక పాత చొక్కా, కదలకుండా కూర్చోగలిగే ఓపిక.

ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో తెలుసుకోవడం

అమెరికాలో 2007 నుంచి గడియారాలను వెనక్కి జరిపేది నవంబరు మొదటి ఆదివారం నాడు కనుక, హాలోవీన్ నాటికి ఇంకా గంట ముందుకు జరిపిన డేలైట్ సేవింగ్ సమయమే నడుస్తుంటుంది. న్యూజెర్సీలో ఆ రోజు ఆరు కావడానికి కొద్ది నిమిషాల ముందు సూర్యుడు అస్తమిస్తే, డాలస్‌లో ఆరున్నర దాటుతుంది. గట్టి చీకటి పడడానికి ఎక్కడైనా మరో అరగంట పడుతుంది. మీరు పన్నే ఉపాయాలన్నీ చీకటి మీద ఆధారపడినవే కాబట్టి మీ ఊరి లెక్క ముందే చూసుకోవాలి. కొన్ని ఊళ్లలో పిల్లలు తిరగవలసిన వేళలను స్థానిక పాలకవర్గమే ప్రకటిస్తుంది, దానిని కూడా గమనించాలి.

ఈ చీకటి లెక్కకూ వయసు లెక్కకూ చక్కని పొత్తు ఉంది. వెలుతురుండగానే అమ్మానాన్నల చేయి పట్టుకుని వచ్చేవారు బుడతలు. రెండు మూడేళ్ల పిల్లలకు వేషం వేసుకున్న మనిషికీ నిజమైన భూతానికీ తేడా తెలియదు కనుక వాళ్ల దగ్గర ఏ ఉపాయమూ పనికిరాదు. ముసుగు తీసేసి, నవ్వు ముఖంతో చాకొలెట్ చేతికివ్వాలి. ఐదారేళ్ల వారికి చిన్న ఆశ్చర్యం సరిపోతుంది: బొమ్మ అనుకున్నది మెల్లగా చేయి ఊపిందంటే చాలు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలు జడుసుకోవడానికే వస్తారు, జడుసుకోకపోతే నిరుత్సాహపడతారు. చీకటి బాగా ముదిరాక వచ్చే హైస్కూల్ పిల్లలు "మాకేం భయం లేదు" అన్న ధీమాతో వస్తారు, అసలు విందు వాళ్లే.

గుంపులో వేర్వేరు వయసుల వాళ్లుంటే ఎప్పుడూ అందరికన్నా చిన్నవాడినే లెక్కలోకి తీసుకోవాలి. అన్నయ్యను జడిపించబోతే వాడి వెనక నిలబడిన చెల్లెలు ఏడుస్తుంది. నీలం రంగు బకెట్ పట్టుకుని వచ్చే పిల్లలున్నారేమో కూడా చూడాలి. తమ బిడ్డకు ఆటిజం ఉందని, శబ్దాలను తట్టుకోలేకపోవచ్చని తెలియజేయడానికి కొందరు తల్లిదండ్రులు ఆ గుర్తు వాడతారు.

దారి, దీపాలు

భయపడిన మనిషి వెనక్కి చూడకుండా ఒక అడుగు వెనక్కి వేస్తాడు. జడిపించేవారు గుర్తుంచుకోవలసిన వాటిలో ఇదే మొదటిది. ఆ అడుగు మెట్టు అంచు మీద పడితే సరదా కాస్తా ఆసుపత్రి దాకా వెళుతుంది. అందుచేత చాకొలెట్ల గిన్నెను మెట్లకు కనీసం నాలుగైదు అడుగుల ఇవతల, చదునైన నేల మీద నిలబడి తీసుకునేలా పెట్టాలి. మెట్లు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఎవరినీ జడిపించకూడదు, ఎంత మంచి అవకాశం వచ్చినా సరే.

నీళ్ల పైపు, పూలకుండీలు, పిల్లల సైకిళ్లు పగలుండగానే గరాజ్‌లో పెట్టేయాలి. కరెంటు తీగలను నడిచే దారికి అడ్డంగా వేయక తప్పకపోతే వెడల్పాటి టేపుతో నేలకు అంటించాలి. దారి పొడవునా నేలను మాత్రమే చూపించే చిన్న దీపాలు ఉంచి, పోర్చ్ మీద ఉన్న తెల్లని బల్బు తీసేసి మసకగా వెలిగే నారింజ లేదా ఊదా రంగు బల్బు బిగించాలి. మనిషి ముఖం మీద వెలుతురు సాధారణంగా పైనుంచి పడుతుంది. అదే కింది నుంచి పడితే పరిచయమున్న ముఖం కూడా వికృతంగా కనిపిస్తుంది. కుర్చీ పక్కన నేల మీద ఒక చిన్న టార్చి లైటు పైకి తిప్పి పెడితే ఆ పని జరిగిపోతుంది. టపటపా వెలిగి ఆరే స్ట్రోబ్ దీపాలు మాత్రం వద్దు. మూర్ఛ వ్యాధి ఉన్న కొందరు పిల్లలకు అవి నిజంగా ప్రమాదం.

చెక్కిన గుమ్మడికాయల్లో కొవ్వొత్తుల బదులు బ్యాటరీతో వెలిగేవి వాడాలి. యువరాణి గౌనులూ మాంత్రికుల అంగీలూ నేల మీద జీరాడుతుంటాయి, మెట్ల మీద మంట ఉండకూడదు. మన ఇళ్లలో ఈ జాగ్రత్తకు మరో కారణం కూడా ఉంది. దీపావళి ఒక్కోసారి హాలోవీన్‌కు దగ్గరగా వస్తుంది, 2024లో అయితే రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. అలాంటి ఏడు నూనె ప్రమిదలను తులసికోట దగ్గరో, పెరటి గుమ్మంలోనో, పిల్లల వేషాలకు అందని ఎత్తులోనో వెలిగించుకుని, వీధి గుమ్మం మెట్లకు బ్యాటరీ ప్రమిదలు సరిపెట్టుకోవాలి.

కుర్చీలో కూర్చున్నది ఎవరు?

ఈ ఉపాయం కొత్తదేమీ కాదు, అమెరికా వీధుల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. అయితే చాలామంది దీనిని ఆ సాయంత్రం అరగంట ముందు మొదలుపెట్టి పాడుచేస్తారు. ఇది వారం రోజుల పని.

అక్టోబరు 24 ప్రాంతంలోనే పోర్చ్ మీద కుర్చీ వేసి, అందులో నిజంగానే ఒక బొమ్మను కూర్చోబెట్టాలి. పొలంలో దిష్టిబొమ్మ కట్టిన అనుభవం మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే పని సులువవుతుంది. ఇండియా నుంచి ఆరు నెలల కోసం వచ్చిన తాతయ్యలకు ఈ పని అప్పగిస్తే వారికీ పొద్దుపోతుంది. పాత ప్యాంటు కాళ్ల చివర్లు, పొడుగు చేతుల చొక్కా చేతుల చివర్లు పురికొసతో బిగించి, నలిపిన వార్తాపత్రికలు గానీ గడ్డి గానీ కూరాలి. గడ్డి క్రాఫ్టు సామాన్ల దుకాణాల్లో కట్టలుగా దొరుకుతుంది. తోలు చేతి తొడుగుల్లో దూది నింపి చొక్కా చేతులకు కలపాలి, కింద పాత బూట్లు పెట్టాలి. తలకు దిండు గలీబు కూరి, ముఖమంతా కప్పే ముసుగు తగిలించి, పైన వెడల్పాటి అంచున్న టోపీ పెట్టాలి. మెడ దగ్గరా మణికట్ల దగ్గరా నాలుగు గడ్డి పరకలు బయటికి కనిపించేలా వదలాలి.

ఇక వారమంతా దానిని ముట్టుకోకూడదు. బడి బస్సు కోసం నడిచి వెళ్లే పిల్లలు రోజూ దానిని చూస్తారు. మొదటి రోజు ఆగి చూస్తారు, రెండో రోజు వేలితో పొడుస్తారు, నాలుగో రోజుకు దాని వైపు తల కూడా తిప్పరు. అది బొమ్మేనని వాళ్ల మనసులో స్థిరపడడమే మీకు కావలసింది. 31వ తేదీ చీకటి పడగానే బొమ్మను గరాజ్‌లోకి చేర్చి, అవే బట్టలు, అదే ముసుగు, అదే టోపీ, అవే తొడుగులు వేసుకుని మీరు కూర్చోవాలి.

కూర్చోవడంలోనే నేర్పంతా ఉంది. మనిషి కుర్చీలో కూర్చుంటే నడుము నిలబడుతుంది, కాళ్లు నేలకు ఆనుతాయి. బొమ్మకు నడుము ఉండదు. అందువల్ల కాస్త ముందుకు జారి, ఒక భుజం దించి, తలను ఆ భుజం వైపు వాల్చాలి. ఒక పాదాన్ని లోపలికి తిప్పి ఉంచాలి. వేళ్లను విడివిడిగా కాకుండా దూది కూరినట్టు ఒకదానికొకటి అంటించి ఉంచాలి. చేతి తొడుగుల్లో నిజంగానే కొంచెం దూది పెట్టుకుంటే వేళ్ల కణుపులు కనిపించవు. ముసుగు కళ్ల రంధ్రాల వెనక పలుచని నల్ల వలగుడ్డ అంటించాలి, లేకపోతే రెప్పపాటు పట్టించేస్తుంది. ఊపిరి ఛాతీతో కాకుండా పొట్టతో, ముక్కు ద్వారా నెమ్మదిగా తీసుకోవాలి. వదులు చొక్కా దానిని కప్పేస్తుంది. షికాగో వంటి చోట్ల అక్టోబరు చివర చలి గట్టిగానే ఉంటుంది కనుక లోపల వెచ్చని దుస్తులు వేసుకోవాలి, కింద మెత్త వేసుకోవాలి. గంటన్నర కదలకుండా కూర్చోవడం అనుకున్నంత తేలిక కాదు.

చాకొలెట్ల గిన్నెను ఒడిలో పెట్టుకుని, దాని మీద పెద్ద అక్షరాలతో "దయచేసి ఒక్కటే తీసుకోండి" అని ఇంగ్లిష్‌లో రాసిన అట్ట పెట్టాలి. ఈ అట్టే మీ అసలు ఆయుధం. ముగ్గురు పిల్లలు వచ్చారనుకోండి. మొదటివాడు దూరంగా ఆగి "ఇది మనిషే" అంటాడు. రెండోది "కాదు, వారం నుంచీ ఇక్కడే ఉంది" అంటుంది, మీరు వారం రోజులు పడ్డ శ్రమ అప్పుడు ఫలిస్తుంది. ఆ పిల్లే ముందుకు వచ్చి ఒకటి తీసుకుంటుంది, మీరు కదలకూడదు. మొదటివాడికి ధైర్యం వచ్చి తానూ ఒకటి తీసుకుంటాడు, అప్పుడూ కదలకూడదు. మూడోవాడు ఒకటి తీసుకుని, అటూ ఇటూ చూసి, రెండో చాకొలెట్ కోసం మళ్లీ చేయి పెట్టగానే, గిన్నె పక్కనున్న మీ చూపుడు వేలు ఒక్కసారి పైకి లేచి ఆ అట్ట మీద టక్కున తట్టాలి. అంతే. అరవవలసిన పని లేదు, లేవవలసిన పని లేదు. ఆ ఒక్క వేలి కదలికకు వచ్చే కేక వీధి అవతలికి వినిపిస్తుంది, ఆ కేక వేసినవాడే అందరికన్నా ఎక్కువ నవ్వుతాడు, ఎందుకంటే తప్పు చేస్తూ దొరికింది తానే.

పెద్ద పిల్లలకు మరో పద్ధతి ఉంది. వాళ్లు గిన్నె ముందు నిలబడి పరీక్షగా చూస్తున్నంతసేపూ కదలకుండా ఉండాలి. వాళ్లు నిరాశపడి మెట్లు దిగి, దారి చివరికి చేరుకున్నాక చప్పుడు చేయకుండా లేచి నిలబడాలి. అక్కడి నుంచి ఎవరో ఒకరు తప్పక వెనక్కి తిరిగి చూస్తారు. మీరు వెంటపడనవసరం లేదు, పడకూడదు కూడా. నిలబడి తల కాస్త పక్కకు వంచితే చాలు.

చూపు కుర్చీ మీద ఉండగా జరిగే ఈ ఉపాయానికి లోపలి నుంచి ఒక మనిషి సాయం అవసరం. డోర్‌బెల్ కెమెరాలోనో కిటికీ సందులోంచో చూస్తూ, పసివాళ్లు వస్తుంటే గోడ మీద ఒకసారి, పెద్దవాళ్లు వస్తుంటే రెండుసార్లు తట్టాలి. ముసుగులోంచి మీకు వయసు సరిగా తెలియదు.

ఎన్ని మార్పులు చేసినా కొన్ని హద్దులు దాటకూడదు. పిల్లలను ముట్టుకోకూడదు, వాళ్లు వెళ్లే దారికి అడ్డం నిలబడకూడదు, వెంట తరమకూడదు, నిజమైన ఆయుధంలా కనిపించే దేనినీ చేత పట్టకూడదు. అమెరికాలో తుపాకీ బొమ్మతో చీకట్లో ఆడుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకునే పని.

చప్పుడు, పొగ

ఎప్పుడూ మోగే దయ్యాల నవ్వులను పిల్లలు రెండో ఇంటి దగ్గరే లెక్కచేయడం మానేస్తారు. చిన్న బ్లూటూత్ స్పీకర్‌ను మీరు కూర్చున్న చోటికి ఎదురు దిశలో, పొదల వెనక దాచి, ఉండుండి ఒక్కసారి మాత్రమే సన్నని చప్పుడు వినిపించాలి. అందరి తలలూ అటు తిరిగినప్పుడు మీరు మీ తలను రెండంగుళాలు కదిపితే, మళ్లీ ఇటు చూసినవాడికి ఏదో తేడా కనిపిస్తుంది, ఏమిటో మాత్రం అర్థం కాదు. ఆ చప్పుడుగా గజ్జెల మోత వాడి చూడండి. తెలుగు పిల్లలకు అదేమిటో తెలుసు కాబట్టి భయం, తెలియని పిల్లలకు తెలియదు కాబట్టి భయం.

పొగ యంత్రాలు నీళ్లు, గ్లైకాల్ కలిసిన ద్రవాన్ని వేడిచేసి పొగ వదులుతాయి. వేడి పొగ పైకి లేచి పోతుంది కనుక, నేల మీద పాకాలంటే దానిని మంచు ముక్కలు నింపిన కూలర్ పెట్టెలోంచి పోనిచ్చి చల్లబరచాలి. యంత్రం మూతిని తలుపు వైపు పెడితే ఇంట్లో స్మోక్ అలారం మోగుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు దగ్గు తెప్పిస్తుంది కాబట్టి నడిచే దారికి దూరంగా, కొద్ది కొద్దిగా వదలాలి.

డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్, వదిలే పొగ ఇంకా అందంగా ఉంటుంది, కానీ దానితో జాగ్రత్త ఎక్కువ కావాలి. దాని ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్. ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు అవుతుంది. కరగకుండా నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది, ఆ వాయువు గాలికన్నా బరువు కనుక కిందనే చేరుతుంది, అంటే పసిపిల్లల, కుక్కపిల్లల ముక్కులుండే ఎత్తులో. ఆరుబయట మాత్రమే వాడాలి, కారులో తెచ్చేటప్పుడు అద్దాలు దించాలి, గట్టిగా మూత బిగించిన సీసాలోనో డబ్బాలోనో ఎప్పుడూ పెట్టకూడదు, పేలిపోతుంది. ఇనుప బకెట్‌లో వేడినీళ్లు పోసి, పటకారుతో రెండు ముక్కలు వేసి, పిల్లల చేతికందని చోట పెట్టాలి.

కిటికీలో తెల్లచీర

కాస్త శ్రమపడగలిగినవారు అద్దంలో దయ్యాన్ని చూపించవచ్చు. హెన్రీ డర్క్స్ అనే ఇంజనీరు ఆలోచనను జాన్ హెన్రీ పెప్పర్ మెరుగుపరచి 1862లో లండన్‌లోని రాయల్ పాలిటెక్నిక్‌లో ప్రదర్శించిన పద్ధతి ఇది. డిస్నీలాండ్‌లో 1969లో తెరిచిన దయ్యాల భవంతిలోనూ దీనినే వాడారు.

వీధి వైపు కిటికీ ఉన్న గదిని చీకటి చేసి, కిటికీ వెనక కొన్ని అడుగుల దూరంలో పారదర్శకమైన యాక్రిలిక్ పలకను నలభై ఐదు డిగ్రీల కోణంలో నిలబెట్టాలి. పలకకు ఒక పక్కన, బయటివారికి కనిపించకుండా గోడ చాటున, తెల్లచీర కట్టిన మనిషి నల్లగుడ్డ ముందు నిలబడాలి. ఆమె మీద పడే దీపాన్ని డిమ్మర్ మీటతో మెల్లగా పెంచితే, ఆమె ప్రతిబింబం ఖాళీ గది నడుమ గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది, తగ్గిస్తే కరిగిపోతుంది. గదిలో వెనక ఉన్న కుర్చీ ఆమె శరీరం గుండా కనిపించడంతో అద్దం సంగతి ఎవరికీ తట్టదు. ఈ పాత్రకు అమ్మమ్మలు ఉత్సాహంగా ముందుకొస్తారు, జుట్టు విరబోసుకోమంటేనే కాస్త మొహమాటపడతారు.

ఒకప్పుడు తెలుగు ఊళ్లలో గోడల మీద రాసుకున్న "ఓ స్త్రీ రేపు రా" అన్న మాటను ఎర్ర రంగుతో అట్ట మీద రాసి తలుపుకు తగిలిస్తే, మీ వీధిలోని తెలుగు తల్లిదండ్రులు తమ పిల్లలకు ఆ కథ చెప్పుకుంటూ అక్కడే ఆగిపోతారు. పొదల వెనక నుంచి నల్లరంగు వేసిన పొడుగాటి కర్రకు నారింజ రంగు దీపం కట్టి మెల్లగా కదిలిస్తే కొరివి దయ్యం కూడా వచ్చినట్టే. ఐర్లండు కథలో నిప్పుకణిక పెట్టిన టర్నిప్ దుంపను పట్టుకుని తిరిగే జాక్‌కు మన కొరివి దయ్యం వరసకు తమ్ముడవుతాడు, కాబట్టి పండుగకు పరాయివాడేమీ కాదు.

ఎవరైనా ఏడిస్తే

ఎంత జాగ్రత్తపడ్డా ఒకరిద్దరు పసివాళ్లు బెదురుతారు. అప్పుడు దగ్గరికి వెళ్లకూడదు. వాడి దృష్టిలో భూతం ఇంకా దగ్గరికి వస్తున్నట్టే. ఉన్నచోటనే నేల మీద కూర్చుని, టోపీ, ముసుగు తీసి పక్కన పెట్టి, మామూలు గొంతుతో వాడి వేషం గురించి అడగాలి. చేతి తొడుగులోంచి దూది తీసి చూపించాలి. చాకొలెట్ తల్లి చేతికివ్వాలి. కాసేపటికి వాడే దగ్గరికొచ్చి ముసుగు ముట్టుకుంటాడు. ఇష్టపడితే వెనక వస్తున్న పెద్ద పిల్లలను జడిపించడానికి స్పీకర్ మీట వాడి చేత నొక్కించండి. ఏడ్చిన పిల్లవాడిని చూసి పెద్దలు నవ్వడం మాత్రం ఎవరింటి గుమ్మంలోనూ బాగుండదు.

జడుసుకున్న ప్రతి బిడ్డకూ ప్రతిఫలం అందాలి. పైన రేపర్ చెక్కుచెదరని, దుకాణంలో కొన్న చాకొలెట్లే ఇవ్వాలి. ఇంట్లో చేసిన సున్నుండలు ఎంత కమ్మగా ఉన్నా తెలియని ఇంటి తినుబండారాన్ని తల్లిదండ్రులు పారేస్తారు. వేరుశనగ, పాల అలర్జీలున్న పిల్లల కోసం మరో గిన్నెలో స్టిక్కర్లు, పెన్సిళ్లు, చీకట్లో వెలిగే కడియాలు ఉంచి, పక్కన నెమలి మెడ రంగుకు దగ్గరగా ఉండే టీల్ రంగు వేసిన గుమ్మడికాయ పెట్టాలి. ఆహార అలర్జీల మీద పనిచేసే ఫేర్ సంస్థ 2014లో దేశమంతటా ప్రచారం చేసిన గుర్తు అది.

సర్దుకోవడం

చాకొలెట్లు అయిపోయినా, ఊరు ప్రకటించిన వేళ దాటినా పోర్చ్ దీపం ఆర్పేయాలి. గిన్నె ఖాళీగా ఉండగా దీపం వెలుగుతుంటే పిల్లలు వస్తూనే ఉంటారు. అలజడికి బెదిరి గదిలో బంధించిన కుక్కను అప్పుడు వదలవచ్చు. మిగిలిన డ్రై ఐస్‌ను వంటింటి సింకులో పారేస్తే సింకు పగలవచ్చు, బకెట్‌లోనే ఆరుబయట వదిలేస్తే తెల్లవారేసరికి ఆవిరైపోతుంది. తీగలు చుట్టి, టేపు పీకి, చొక్కాలోని గడ్డిని చెట్ల మొదళ్లలో వేయాలి. చెక్కిన గుమ్మడికాయలను ఒకటి రెండు రోజుల్లో కంపోస్టులో వేయకపోతే ఉడతలు పోర్చ్ అంతా పీకి పెడతాయి. కుర్చీని మాత్రం వేరే చోటికి మార్చి పెట్టండి, వచ్చే ఏడు పిల్లలు మొదట వెతికేది దానినే కాబట్టి అప్పుడు కుర్చీలో నిజమైన బొమ్మను ఉంచి, మీరు పొదల వెనక ఉండవలసి వస్తుంది.